మత్తెయోత్తి లేకుండా ముస్సోలినీ పాఠం చెప్పలేం: తెలుగులో ప్రపంచ చరిత్ర పుస్తకాలు రాసేవారికి బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర పాఠాలు, గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్ రాస్తున్న పెద్దలకు,

నమస్కారం. మీ పుస్తకాలు పెట్టుకునే ఇన్నేళ్ళూ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పాను. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ముందు మీకే విడిగా ఉత్తరం రాశాను. రెండేళ్ళ కింద ఒకటి, నిరుడు ఇంకొకటి, రెండూ రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి. జవాబు రాలేదు. ఈలోగా పుస్తకం మళ్ళీ అచ్చయింది. అదే పేజీ, అదే వాక్యం. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు చెప్పను. ఇది ఒక్కరి పొరపాటు కాదు. నా బల్ల మీదున్న నాలుగు పుస్తకాల్లోనూ ఇదే వరస.

1924 ఇటలీ ఎన్నికల్లో ముస్సోలినీకి 65 శాతం ఓట్లు వచ్చాయని ఆ వాక్యం చెబుతుంది. దాని వెనక ఇంకేమీ లేదు. తర్వాతి పేరా 1925లో నియంతృత్వంతో మొదలవుతుంది.

డీఎస్సీకి చదువుకుంటున్న ఒకమ్మాయి సాయంత్రాలు మా అరుగు మీద కూచుని సందేహాలు అడుగుతుంది. నా పాత విద్యార్థిని. ఆ పేజీ దగ్గర వేలు పెట్టి అడిగింది: "మాస్టారూ, నూటికి అరవై అయిదుగురు ఓటేశారంటే జనానికి ఇష్టమైనట్టేగా? మరి నియంత అని ఎందుకంటాం?" ప్రశ్న సరైనదే. ఆమె చేతిలోని పుస్తకంలో జవాబు లేదు. ఆ జవాబు చెప్పినందుకు ప్రాణం పోగొట్టుకున్న మనిషి పేరు కూడా లేదు. ఒక గైడులో మాత్రం బిట్టు ప్రశ్నల్లో "గియాకోమో" అని కనబడ్డాడు, చంపబడిన సోషలిస్టు అన్న రెండు ముక్కలతో. ఇటలీవాళ్ళు ఆ పేరును జాకొమో అని పలుకుతారు. జాకొమో మత్తెయోత్తి.

ఆయన 1885 మే 22న ఇటలీ ఈశాన్యాన, రొవీగో దగ్గర ఫ్రత్తా పొలెసినే అనే ఊళ్ళో పుట్టాడు. పొలెసినే అంటే అదిజె, పో అనే రెండు నదుల మధ్య పల్లపు నేల. మా కోనసీమ లంకలు చూసినవాళ్ళకి ఆ ఊళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మట్టి బంగారం, ఏటేటా వరద భయం, పొలం ఒకరిది, రెక్కల కష్టం ఇంకొకరిది. కూలి జనం మొక్కజొన్న సంకటి ఒక్కటే తిని పెల్లాగ్రా జబ్బు పడేవాళ్ళు. ఒళ్ళంతా పగిలి, చివరికి మతి చలించే జబ్బు అది. 19వ శతాబ్దం చివర్లో బతుకు తెరువు లేక ఎన్నో కుటుంబాలు ఓడలెక్కి బ్రెజిల్ పోయాయి.

మత్తెయోత్తి కూలివాళ్ళ బిడ్డ కాదు. తండ్రి ఇనుము, రాగి వ్యాపారం చేసి భూములు కొన్నవాడు. ఏడుగురు పిల్లల్లో నలుగురు చిన్నప్పుడే పోయారు. పెరిగి పెద్దయిన ముగ్గురిలో ఇద్దరిని క్షయ తీసుకుపోయింది. మిగిలింది జాకొమో ఒక్కడే. 1907లో బొలోన్యాలో న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. జైలుకెళ్ళి వచ్చినవాడు మళ్ళీ ఎందుకు నేరం చేస్తాడన్న విషయం మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఏ విశ్వవిద్యాలయంలోనో హాయిగా స్థిరపడగలిగినవాడు ఊరికి తిరిగొచ్చి స్థానిక పాలక మండళ్ళ పద్దులు పట్టుకుని కూచున్నాడు. బడికి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, పన్ను ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు. కిట్టనివాళ్ళు "బొచ్చు కోటు సోషలిస్టు" అని వెక్కిరించారు. తోటివాళ్ళు "తుపాను" అని పిలుచుకున్నారు. విప్లవం పేరుతో రక్తం పారించడం ఆయనకు ఇష్టం లేదు. కూలీ సంఘం, సహకార సంఘం, బడి, ఓటు, చట్టసభ, ఈ దారిలోనే మార్పు వస్తుందని నమ్మాడు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు సిసిలీకి పంపి నిర్బంధంలో ఉంచారు. 1919, 1921, 1924, మూడుసార్లూ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1922 అక్టోబరులో సోషలిస్టు పార్టీ నుంచి బయటికి పంపబడిన విప్లవం వద్దనే తురాతి అనే నాయకుడి వర్గం కొత్త పార్టీ పెట్టుకుంటే దానికి కార్యదర్శి అయ్యాడు.

ఇక మీ పుస్తకాల్లో లేనివి, ఉండి తీరవలసినవి చెబుతాను.

1. ముస్సోలినీ ఎన్నికల్లో గెలిచి ప్రధాని కాలేదు. 1921లో 535 స్థానాల సభలో ఫాసిస్టులు, అంటే ముస్సోలినీ పార్టీవాళ్ళు, 35 మంది చిల్లర. 1922 అక్టోబరు చివర్లో నల్లచొక్కాలు తొడిగిన ఫాసిస్టు దళాలు రోమ్ మీదికి బయలుదేరితే, రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ సైనిక శాసనం మీద సంతకం పెట్టడానికి నిరాకరించి, ముస్సోలినీనే పిలిచి ప్రభుత్వం అప్పజెప్పాడు. 1923లో అచెర్బో చట్టం తెచ్చారు. అందరికన్నా ఎక్కువ ఓట్లు, కనీసం 25 శాతం తెచ్చుకున్న అభ్యర్థుల జాబితాకు సభలో మూడింట రెండు వంతుల స్థానాలు ఇచ్చేయాలి. ఈ రెండూ తెలియకుండా 65 శాతం అన్న అంకె చదివితే ఎవరైనా పొరబడతారు.

2. ఫాసిజం రోమ్‌లో మొదలవలేదు, ఇలాంటి పల్లెల్లో రాత్రిపూట మొదలైంది. 1921 మార్చి 10న పార్లమెంటులో మత్తెయోత్తి దాన్ని కళ్ళకు కట్టాడు. నడిరాత్రి, పెద్దమనుషులు ఇళ్ళలో నిద్రపోతుండగా, కొన్ని వందల మంది ఉండే పల్లెకు లారీలు వస్తాయి. దారి చూపించేది ఆ ఊరి భూస్వాముల సంఘం నాయకులే. ఒక చిన్న ఇంటి ముందు ఆగుతారు. ఇరవై మంది కావచ్చు, వందమంది కావచ్చు, చేతుల్లో తుపాకులు. కూలీ సంఘం పెద్దను బయటికి రమ్మంటారు. రాకపోతే ఇంటితో పాటు పెళ్ళాం పిల్లల్ని తగలబెడతామంటారు. ఆ మనిషి తలుపు తీస్తాడు. కట్టేసి లారీలో పడేసి, చంపుతున్నట్టు, నీళ్ళలో ముంచుతున్నట్టు హింసించి, చివరికి పొలాల మధ్య బట్టల్లేకుండా చెట్టుకు కట్టేసి పోతారు.

ఈ మాటలు సభలో చెప్పిన రెండు రోజులకే, మార్చి 12న, కాస్తెల్‌గుల్యెల్మో అనే ఊళ్ళో ఆయన్నే ఎత్తుకుపోయారు. గంటల తరబడి తిప్పి, బెదిరించి, కొట్టి వదిలేశారు. ఆ తర్వాత సొంత ప్రాంతంలో కాలు పెట్టలేని పరిస్థితి. కూలీ సంఘాలు కూలిపోయాక పొలాల్లో కూలి రేట్లు ఏమయ్యాయో మన జిల్లాల పిల్లలకు ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు.

3. 1924 ఏప్రిల్ 6 ఎన్నికలు ఎలా జరిగాయో ఆయన లెక్కలతో సహా చెప్పాడు. పాఠంలో ప్రాణం ఇదే. నేను ఎక్కువసేపు ఆగేదీ ఇక్కడే.

మే 30న, కొత్త సభ కూచున్న తొలి రోజుల్లోనే, మొత్తం ఫలితాన్ని ఒక్క ఊపులో ఆమోదించాలని ప్రతిపాదన వచ్చింది. మత్తెయోత్తి లేచాడు. చేతిలో కాగితాలు. నామినేషన్ జాబితాకు కావలసిన సంతకాలు సేకరించనివ్వకుండా ఎక్కడెక్కడ అడ్డుపడ్డారో చెప్పాడు. తమ అభ్యర్థులు వందమందిలో దాదాపు అరవై మంది తమ నియోజకవర్గాల్లో స్వేచ్ఛగా తిరగలేకపోయారన్నాడు. రెజ్జియో ఎమీలియాలో సోషలిస్టు అభ్యర్థి ఆంతోనియో పిచ్చినీనిని ఫిబ్రవరిలోనే చంపేశారు. తొంభై శాతం పోలింగ్ కేంద్రాల్లో, కొన్నిచోట్ల నూటికి నూరు శాతం, లోపల కూచున్నదంతా ఫాసిస్టులే, ప్రతిపక్షం మనిషి ఒక్కడూ లేడన్నాడు. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు అరవయ్యేళ్ళవాళ్ళ పేరు మీద ఓటేసి పోయారన్నాడు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. ఓటరు మూడు ప్రాధాన్య ఓట్లు వేయవచ్చు, అంటే జాబితాలోంచి తనకు నచ్చిన మూడు పేర్లు ఎంచుకోవచ్చు. కొన్ని ప్రాంతాల్లో ఓటర్లను చిన్న చిన్న గుంపులు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో రకం మూడు పేర్ల కలయిక ఇచ్చారు. పెట్టె తెరిచినప్పుడు ఏ కాగితం ఎవరిదో తెలిసిపోతుంది. రహస్య ఓటు అన్న మాటకు అర్థమే లేకుండా పోయింది.

నేను చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను. పొద్దున్నే ఏజెంట్ల కళ్ళ ముందు మాక్ పోల్ వేయాలి. సీళ్ళ మీద వాళ్ళ సంతకాలు తీసుకోవాలి. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసి వాళ్ళ చేతికివ్వాలి. ఒకసారి ఒక ఏజెంటు ఆలస్యంగా వచ్చి, తను లేకుండా ఎలా మొదలుపెట్టారని గట్టిగా నిలదీశాడు. అప్పుడు చిరాకు పడ్డాను. ఈ ప్రసంగం చదివాక ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఏజెంటు కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో 1924 ఇటలీ చూపించింది.

ఓట్లు ఎటుపడ్డా దిగిపోయేది లేదని ప్రభుత్వం ముందే చాటిందని కూడా మత్తెయోత్తి సభకు గుర్తుచేశాడు. అలాంటప్పుడు ఓటరు స్వేచ్ఛగా ఉన్నాడని ఎలా అంటామన్నది ఆయన వాదం. ప్రతి వాక్యానికీ అరుపులు, బల్లల మీద గుద్దులు. జాగ్రత్తగా మాట్లాడమని సభాపతి హెచ్చరిస్తే, తాను జాగ్రత్తగానూ కాదు, అజాగ్రత్తగానూ కాదు, పార్లమెంటు పద్ధతిలో మాట్లాడతానన్నాడు. చివరికి ఓటింగ్ పెట్టారు. ఆయన వైపు 57, వ్యతిరేకంగా 285, తటస్థులు 42. కూచున్నాక తోటివాళ్ళతో, నా ప్రసంగం అయిపోయింది, ఇక మీరు నా సంతాప సభకు ప్రసంగం సిద్ధం చేసుకోండి అన్నాడని చెబుతారు.

4. పదకొండు రోజులు గడిచాయి. జూన్ 10 సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో రోమ్‌లో ఇంటి నుంచి పార్లమెంటుకు నడిచి వెళ్తుంటే, తెవెరె (టైబర్) నది గట్టు రోడ్డు మీద లాంచా కారొకటి ఆగింది. అమెరిగో దూమిని అనే ఫాసిస్టు, ఇంకో నలుగురు ఆయన్ని లోపలికి లాక్కుపోయి కారులోనే పొడిచి చంపారు. పాఠం రాసేటప్పుడు దయచేసి ఒక చిన్న సంగతి వదలకండి. ఆ కారు ముందురోజే అదే వీధిలో తచ్చాడుతుంటే, పక్క భవనంలో కాపలా ఉండే భార్యాభర్తలు దొంగలేమోనని అనుమానపడి నంబరు గుర్తుపెట్టుకున్నారు. ఆ నంబరుతోనే పోలీసులు రక్తం మరకలున్న కారును, దాని వెనకున్న అధికార పార్టీ మనుషులను పట్టుకోగలిగారు. పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు చేయలేని పని ఇద్దరు వాచ్‌మన్లు చేశారు. శవం ఆగస్టు 16న రోమ్ బయట రియానో దగ్గర అడవిలో దొరికింది.

ఎందుకు చంపారన్న దాని మీద చరిత్రకారుల్లో వాదనలున్నాయి. ఆ ప్రసంగం ఒక్కటే కారణమా, అమెరికా చమురు కంపెనీకి ఇచ్చిన ఒప్పందంలోని అవినీతి ఆయన చేతికి చిక్కిందా అని. రెండు మాటలూ పిల్లలకు చెప్పండి. ఎటు చూసినా ఆయన లెక్కల పుస్తకమే వాళ్ళను భయపెట్టింది.

5. ఆ తర్వాతి ఆరు నెలలు పుస్తకాల్లో మాయమయ్యాయి. ప్రతిపక్ష సభ్యులు నిరసనగా సభ బహిష్కరించి బయట కూచున్నారు. దీన్నే అవెంతీనో బహిష్కరణ అంటారు. రాజు జోక్యం చేసుకుంటాడని నమ్మారు. ఆయన చేసుకోలేదు. సభ వదిలి రావడం పొరపాటని నా అభిప్రాయం. మత్తెయోత్తి చివరి రోజు దాకా సభ లోపలే నిలబడి మాట్లాడాడు. 1925 జనవరి 3న ముస్సోలినీ అదే సభలో, జరిగినదానికి రాజకీయ, నైతిక, చారిత్రక బాధ్యత తనదేనని ప్రకటించాడు. అడ్డుకునేవాళ్ళు లేరు. 1926లో సమ్మెలు నిషేధించారు, పార్టీలను రద్దు చేశారు, ఊళ్ళలో ఎన్నికైన మేయర్లను తీసేసి ప్రభుత్వం నియమించిన మనుషులను కూచోబెట్టారు. ఎవరికి పోయింది? పొలెసినే కూలివాడికి సంఘం పోయింది, సమ్మె పోయింది, ఊరి పెద్దను ఎన్నుకునే ఓటు కూడా పోయింది.

కేసు సంగతి. లోతుకు వెళ్తున్న న్యాయమూర్తి మౌరో దెల్ జూదిచెను తప్పించారు. విచారణను రోమ్‌కు దూరంగా కియేతి పట్టణానికి మార్చారు. 1926 మార్చిలో ముగ్గురికి 5 సంవత్సరాల 11 నెలల 20 రోజుల శిక్ష వేసి, అందులో నాలుగేళ్ళు క్షమాభిక్ష కింద కొట్టేశారు. నిందితుల తరఫున వాదించింది ఫాసిస్టు పార్టీ నాయకుడు ఫరినాచ్చి. 1947లో మళ్ళీ విచారణ జరిగాక గాని యావజ్జీవం పడలేదు.

6. వేలియా. మత్తెయోత్తి భార్య. శవాన్ని సొంతూరికి రైల్లో తీసుకెళ్తుంటే ఆవిడ హోం మంత్రికి ఉత్తరం రాసింది. రైలు వెంట ఫాసిస్టు దళంవాళ్ళు ఎవరూ ఉండకూడదు, దారిలో ఒక్క నల్లచొక్కా నా కంటపడకూడదు, నాకు ఏ ప్రత్యేక సౌకర్యమూ వద్దు, మామూలు పౌరురాలిగా ప్రయాణిస్తాను అని. ముగ్గురు చిన్న పిల్లలు. 1938లో చనిపోయేదాకా పోలీసు నిఘాలోనే బతికింది. కొడుకులిద్దరూ 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. వాళ్ళలో మత్తెయో తర్వాత సోషల్ డెమొక్రటిక్ పార్టీ తరఫున మంత్రి అయ్యాడు.

7. మనకూ దీనికీ సంబంధం ఏమిటని అడిగేవారికి. 1926లో రవీంద్రనాథ్ ఠాగూర్ ముస్సోలినీ ఆతిథ్యంలో ఇటలీ వెళ్ళాడు. ఆయన మెచ్చుకున్నాడని అక్కడి పత్రికలు ఊదరగొట్టాయి. ఇటలీ దాటాక వియన్నాలో మత్తెయోత్తి కుటుంబం తరఫు న్యాయవాది మొదిల్యానిని కలిశాడు, జరిగింది విన్నాడు. తన మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్‌కు ఠాగూర్ రాసిన ఉత్తరం ఆ ఆగస్టు 5న ఇంగ్లండు పత్రిక మాంచెస్టర్ గార్డియన్‌లో అచ్చయింది. ఫాసిజాన్ని తాను సమర్థించలేనని లోకానికి చెప్పాడు. విశ్వకవి అంతటివాడికే ఒకవైపు మాట విని పొరపాటు జరిగింది. మా అరుగు మీద కూచున్న అమ్మాయికి జరగదా?

మీ పుస్తకం చదివి ఉద్యోగం తెచ్చుకునేవాళ్ళు రేపు టీచర్లవుతారు, తహసీల్దార్లవుతారు, పోలింగ్ కేంద్రంలో కూచుంటారు. "65 శాతం" అని బిట్టు పెట్టి వచ్చిన మనిషి, అంకె వెనక ఏముందో అడగడం ఎక్కడ నేర్చుకుంటాడు? ఈ టెన్షన్ నాకు రెండేళ్ళుగా ఉంది. 2024 మే 30న, ఆ ప్రసంగానికి సరిగ్గా వందేళ్ళు నిండిన రోజున, ఇటలీ పార్లమెంటే ఆయన్ని స్మరించుకుంది. రైట్ వింగ్ ప్రధాని మెలోనీ సైతం ఆయన్ని ఫాసిస్టు దళాలు చంపాయని ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నది మన పుస్తకాల్లో రాయడానికి అడ్డేమిటి?

కాబట్టి అడుగుతున్నాను.

1. 65 శాతం అన్న వాక్యం పక్కనే, వచ్చే ముద్రణలోనే, అచెర్బో చట్టం, దౌర్జన్యం, రహస్య ఓటు ఉల్లంఘన గురించి రెండు మూడు వాక్యాలు చేర్చండి. జాగా లేదంటే ముస్సోలినీ పెద్ద ఫొటో కాస్త తగ్గించండి.

2. మత్తెయోత్తి మీద ఒక పూర్తి పేజీ. పుట్టుక, చావు తేదీలతో సరిపెట్టకుండా, మే 30 ప్రసంగంలోని అంశాలు ఉండాలి.

3. పేరు "జాకొమో మత్తెయోత్తి" అని సరిచేయండి. ఆయన్ని ఎక్కడా కమ్యూనిస్టు అని రాయకండి. ఆయన ఓటు, చట్టసభ దారిని నమ్మిన సోషల్ డెమొక్రాట్. ఆ తేడా వల్లే పాత పార్టీ నుంచి బయటికి పంపబడిన మనిషి.

4. ఆయన్ని ఎవరు చంపారు, ఏ తేదీన చంపారు అనే బిట్లు తీసేయండి. ఆ ఎన్నిక ఎందుకు చెల్లదని ఆయన వాదించాడో నాలుగు కారణాలు రాయమనండి.

5. ఉత్తరం రాసిన టీచరుకు జవాబివ్వండి. కుదరదనైనా సరే. నాలాగే రాసి, కార్డు చూసుకుని ఊరుకున్నవాళ్ళు ఇంకా ఉంటారు.

జూన్‌లో బడులు తెరవకముందే కొత్త ముద్రణ ప్రెస్సుకు వెళ్తుందని తెలుసు. ఆ అమ్మాయి కోసం చేత్తో రాసిచ్చిన నాలుగు పేజీల నోట్సు జిరాక్సు తీయించి మూడోసారి మీకు పోస్టు చేస్తున్నాను. అక్షరం కుదురుగానే ఉంటుంది. ఉన్నదున్నట్టు వాడుకోండి, నా పేరు వేయక్కర్లేదు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక సాంఘిక శాస్త్రం మాస్టారు